నొసటి గుర్తు, కొలువు దుస్తు : 1806 నాటి సిపాయిల వేషనియమము

పంజాగుట్ట అను పేరును విడదీసి చూచినచో రెండు భాషలు బయటపడును. పంజా యనునది పారసీకము నుండి ఉరుదూలోనికి వచ్చిన పదము. ఐదు వ్రేళ్లతో గూడిన అరచేయి దాని యర్థము. గుట్ట తెనుగు పదము. మొహర్రము దినములలో తెలంగాణపు పల్లెలలో ఊరేగు పీర్లయందు ఈ హస్తాకారమును చూడనివారు అరుదు. పీరు ముందర ముసల్మాను ఎంత భక్తితో నిలుచునో, పక్క యింటి హిందువును అంత భక్తితోనే నిలుచును. గుట్టకు ఆ పేరు ఎట్లు కలిగెనని తర్కించుట ఇచట మా పని కాదు. చేతి గుర్తు నొకదానిని తెలుగు మాటతో జతపరచి పేరుగా పిలుచుకొన్న చోటు నుండి ఈ వ్యాసమును ప్రారంభించుట మాకు ఉచితముగా తోచినది. ఏలయనగా మేము చెప్పబూనినది గుర్తులను గూర్చియే.

నేడు ఆ కూడలిలో ఒక గడియ నిలుచున్నచో, యజమాని యిచ్చిన దుస్తులతో నడచుచున్న మనుష్యులు ఎందరో కనబడుదురు. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలోని నర్సులు, నగల దుకాణముల ముందరి కాపలాదారులు, వాహనములను నియమించు పోలీసులు, హోటళ్లలో వడ్డించువారు, అందరికిని ఒక రంగు, ఒక తీరు నిర్ణయింపబడి యున్నవి. చొక్కాయి యజమానిది. మరి నొసలు ఎవరిది? మెడలోని పూస, చుబుకము మీది వెండ్రుక, తల మీది గుడ్డ ఎవరివి? ఈ ప్రశ్న పుట్టినప్పుడెల్ల మనవారు దానిని నిన్నమొన్నటి దానినిగా భావించి వాదింతురు. కాని ఈ గుట్టకు తూర్పుననున్న హుస్సేన్‌సాగరమును దాటి పోయినచో, రెండువందల యేండ్లకు ముందే ఈ ప్రశ్న పుట్టి, దాదాపు రక్తపాతము వరకు పోయి, చల్లారిన స్థలము కలదు. అది సికిందరాబాదు దండు. నిజాము సికందర్ జా పేరిట ఆ ఊరికి నామకరణము జరిగిన 1806వ సంవత్సరమే ఆ ఘటనకును సంవత్సరము.

ఆ యేటి వెల్లూరు తిరుగుబాటు చరిత్ర చదివినవారికెల్ల సుపరిచితము. హైదరాబాదులో జరిగినది అంతగా పరిచితము కాదు. మా యుద్దేశములో రెండవదియే మనకు ఎక్కువ బోధకరము. అయినను మొదటిదానిని చెప్పక రెండవదానిని చెప్పుటకు వీలులేదు.

మదరాసు సైన్యమునకు అప్పటి సేనాధిపతి సర్ జాన్ క్రాడక్. గవర్నరు లార్డ్ విలియం బెంటింక్. 1805 నవంబరులో సిపాయిలకు క్రొత్త మాదిరి తలపాగా నిర్ణయింపబడినది. దానికి తోలుతో చేసిన అలంకార మొకటి యుండెను. 1806 మార్చిలో సైన్యపు నియమావళిని క్రోడీకరించిరి. అందలి పదవ పేరాలో, దుస్తులు ధరించి యున్న వేళ సిపాయి కులమును దెలుపు గుర్తును ముఖమున ధరింపరాదనియు, చెవిపోగులు పెట్టుకొనరాదనియు, కవాతులందును కొలువులందును గడ్డము నున్నగా గీయించుకొని యుండవలెననియు, మీసముల తీరు కూడ వీలయినంతవరకు అందరికి నొకటిగా నుండవలెననియు శాసించిరి.

ఈ వాక్యమును నిదానముగా చదువవలసి యున్నది. నామము, విభూతి రేఖ, కుంకుమ బొట్టు హిందూ సిపాయివి. గడ్డము ముసల్మానుది. చెవిపోగు ఇద్దరిదియు. ముసల్మాను బిడ్డలకు పుట్టినప్పుడే ఒక వలీ పేరిట మ్రొక్కి పోగు తొడుగుట ఆనాటి ఆచారము. అది రక్షరేకు వంటిది. ఇట్లు మూడు వేర్వేరు మూలములుగల వస్తువులను ఉత్తరువు వ్రాసిన అధికారి "శుభ్రత, ఏకరూపత" అను ఒకే గంపలో వేసెను. అతని కంటికి అవి మూడును ముఖము మీది అక్రమములు. ఒక్క పేరాతో హిందువును, ముసల్మానును ఒకే దినమున నొప్పించి ఏకము చేయుట ఎంతటి కుట్రదారునికిని సాధ్యము కాని పని. ఆ పనిని కార్యాలయములోని లేఖకులు చేసిపెట్టిరి.

మరియొక భేదమును ఆ వాక్యములోనే కలదు. బొట్టు తుడుచుకొనవచ్చును, కవాతు ముగిసిన పిమ్మట మరల పెట్టుకొనవచ్చును. పోగు తీయవచ్చును, తగిలింపవచ్చును. కనుక "దుస్తులు ధరించి యున్న వేళ" అను పరిమితికి ఆ రెండింటి విషయమున అర్థము కలదు. గడ్డము అట్టిది కాదు. ప్రొద్దున గీయించినది సాయంకాలమునకు మొలచి రాదు. కవాతు వేళకు మాత్రమే గడ్డము లేకుండుట యనునది మాటలలోనే సాధ్యము. అనగా కొలువు వేళకు మాత్రమే వర్తించునట్లు కనబడు నియమము, కొన్ని గుర్తుల విషయమున ఇంటిలోనికిని, మసీదులోనికిని, పెండ్లిపందిరిలోనికిని వెంటవచ్చును. ఈ భేదమును ఆనాడు వ్రాసినవారు గమనింపలేదు. నేడు వ్రాయువారును తరచుగా గమనించుట లేదు.

తలపాగా సంగతి ఇంకొక విధము. అది తీసివేయుట కాదు, క్రొత్తది పెట్టుట. టోపీవాడు అనగా దొర, దొర యనగా క్రైస్తవుడు అని బజారులో వాడుక. తుపాకి మరలను త్రిప్పు చిన్న ఇనుప పనిముట్టును సిపాయి రొమ్ము ముందర ధరించుచుండెను. అదియు సిలువ వలె నున్నదని జనులు చూపసాగిరి. బంధువులు తమతో కూర్చుండి భుజింపరనియు, పిల్లనిచ్చువారు ఉండరనియు సిపాయిలు భయపడిరి. 1806 మేలో వెల్లూరులోని ఒక పటాలము ఆ తలపాగాను నిరాకరించినది. ఇరువదియొక్క మందికి దెబ్బల శిక్ష విధించిరి. పశ్చాత్తాపము చెప్పిన పంతొమ్మిది మందిని క్షమించి, ఒక హిందువునకు, ఒక ముసల్మానుకు తొమ్మిదివందల కొరడా దెబ్బల చొప్పున కొట్టి కొలువు నుండి వెళ్లగొట్టిరి.

ఇచట పరిశోధకులు ఒక విషయమును మరువరాదు. అధికారులు విచారింపలేదని చెప్పుట తప్పు. వారు విచారించిరి. తలపాగా ధర్మవిరుద్ధమగునా కాదా యని ఒక పండితుని, ఒక సయ్యదును అడిగిరి. విరుద్ధము కాదని ఇరువురును చెప్పిరి. దేశీయాధికారులును అట్లే చెప్పిరి. ఆ మాటలు వ్రాతమూలకముగా చేతికి వచ్చిన పిమ్మట ఇక సందేహమేమున్నదని సేనాధిపతి నిశ్చింతగా నుండెను. జులై మొదటి వారములో మదరాసు ప్రభుత్వము, మతమునకు భంగము కలిగింపవలెనను తలంపు తమకు లేదని ప్రకటన నొకదానిని సిద్ధము చేసియు, అలజడి తగ్గినదనుకొని ప్రకటింపక ఆపివేసినది. జులై 10వ తేదీ తెల్లవారక ముందే వెల్లూరు కోటలో సిపాయిలు లేచిరి. పదునలుగురు ఇంగ్లీషు అధికారులును, వందకు పైగా ఇంగ్లీషు సైనికులును చచ్చిరి. ఆర్కాటు నుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను తిరిగి పట్టుకొనెను. వందలకొలది సిపాయిలు ఆ దినముననే హతులైరి. పిమ్మట తలపాగా, ముఖచిహ్నముల ఉత్తరువులు రద్దయినవి. బెంటింకును, క్రాడక్కును 1807లో సీమకు వెనుకకు పిలువబడిరి.

పండితుడు అసత్యము చెప్పెనా? చెప్పలేదు. శాస్త్రగ్రంథములను తిరుగవేసినచో తోలు తలపాగాను పేరు పెట్టి నిషేధించు వచనము దొరకదు. కాని సిపాయి తన ముఖమును శాస్త్రమునకు చూపుకొనుట లేదు. తన వీధికి చూపుకొనుచున్నాడు. నొసటి గుర్తునకు గల అధికారము గ్రంథములో నుండి కాక, ఆ నొసటిని చూచు కన్నులలో నుండి వచ్చినది. తల్లి, మేనమామ, పెండ్లి కుదుర్చువారు, నీళ్లబావి వద్ద నిలుచుండు ఇరుగుపొరుగు, వీరిలో ఒక్కరినైనను విచారణలో సాక్షులుగా పిలువలేదు. వెల్లూరు విచారణలోని లోపము విచారింపకపోవుట కాదు, అడుగవలసిన వారిని విడిచి అడుగనక్కరలేని వారిని అడుగుట. తరువాతి విచారణ సంఘమువారు దుస్తుల మార్పును, వెల్లూరులో టిప్పు కుమారులుండుటను రెండు కారణములుగా చూపిరి. రెండవ కారణమును పట్టుకొని మొదటిదానిని నెపమనుట కొందరు చరిత్రకారులకు అభ్యాసము. రాజకుమారులు లేని హైదరాబాదులో ఆ అలజడియే యెట్లు కలిగెనో వారు చెప్పవలసి యుండును.

హైదరాబాదునకు పోవుటకు ముందు సిపాయిని గూర్చి ఒక మాట. మదరాసు సైన్యములో తెలుగువారు ఆదినుండియు పెద్ద భాగము. ఉత్తరదేశములో కంపెనీ సిపాయికి "తిలంగా" అని పేరుపడుట ఇందువలననే. 1857 నాటి ఢిల్లీ ఉరుదూ వ్రాతలలో అయోధ్యా ప్రాంతపు సిపాయిలను సైతము తిలంగాలనిరి. తెలుగునాటి పేరు కొలువు పేరుగా మారి, ఆ కొలువులోనున్న అవధీ బ్రాహ్మణునకును అంటుకొన్నది. దేశము పేరు ఇట్లు ఒక దుస్తునకు పేరగుట శబ్దచరిత్రలో విచిత్రమైన విషయము. భాషాశాస్త్ర విద్యార్థులు దీనిని ప్రత్యేకముగా పరిశీలింప దగును. "వేషము" అను మాటకు మన భాషలో నాటకపు పాత్ర అను అర్థమును కలదు గదా. కూటి కొరకు ఏ వేషమైనను వేయవచ్చునని లోకము చెప్పును. ఎంతవరకు వేయవచ్చునను హద్దును మాత్రము వేసినవాడే యెరుగును.

హైదరాబాదులో నిజామునకు సహాయముగా నుండిన కంపెనీ సైన్యమునకు 1806 జులై మొదట మాంట్రిసర్ అధిపతిగా వచ్చెను. ఆయన వచ్చునప్పటికే దండు ఉడికిపోవుచుండెను. క్రొత్త నియమావళి ఇచటికిని వచ్చినది. అంతకు ముందరి అధికారి దండు బజారులో డప్పుల మ్రోతను నిషేధించి, పెండ్లి ఊరేగింపులను సైతము కష్టపెట్టి యుండెను. ఇవి రెండును కలసినవి. మూసీ యొడ్డున తలలేని మొండెములు కనబడినవనియు, దొరలకు నరబలి కావలసి వచ్చినదనియు నగరములో వదంతులు పుట్టెను. వదంతి నమ్మదగినది కాకపోవచ్చును. కాని దానిని నమ్మగల మనస్సు అప్పటికి సిద్ధమైనదనుట నమ్మదగిన విషయమే. బొట్టు వద్దన్నవాడు రేపు మరేమి వద్దనునో అను ప్రశ్నకు జవాబు లేనప్పుడు, జనము తానే జవాబులను కల్పించుకొనును.

మాంట్రిసర్ పండితుని పిలువలేదు. రెసిడెంటు థామస్ సైడన్‌హామ్‌తో ఆలోచించి, సిపాయిల మనస్సులలో నేమున్నదో తెలిసికొని, మదరాసు నుండి అనుమతి వచ్చువరకు వేచియుండక తన పూచీపైననే ఆ ఉత్తరువులను వెనుకకు తీసికొనెను. తలపాగాయు, ముఖచిహ్నముల నిషేధమును ఒకేసారి పోయినవి. ఈ నియమము ఎక్కడనో కూర్చున్నవారు చేసినది, దీని ఫలము నా యెదుట నున్నది, అని గ్రహించినవాడు చేసిన పని యిది. హైదరాబాదులో వెల్లూరు జరుగలేదు.

ఈ కథను ఇంతటితో ముగించి ఆ సైన్యాధిపతిని పొగడుట సులభము. కాని ఆగస్టు 14వ తేదీన ఆయన సైన్యమును కవాతునకు నిలిపి, ఇంగ్లీషు పటాలమును ఫిరంగుల చెంత నుంచి, ఇరుప్రక్కల గుఱ్ఱపుదళమును నిలిపి, తిరుగుబాటునకు నాయకులని అనుమానింపబడిన నలుగురు సుబేదార్లను ముందునకు పిలిచి నిర్బంధించెను. వారిని కావలితో మచిలీపట్టణమునకు పంపిరి. నియమము తప్పని ఒప్పుకొన్న దొరతనము, ఆ తప్పును ముందుగా పసిగట్టినవారిని మాత్రము క్షమింపలేదు. నియమము రద్దగుట వేరు, దానిని ప్రశ్నించిన వానికి రక్షణ దొరకుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించి వ్రాసిన చరిత్రలు మా కంటబడినవి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము కూడ ఈ నగరములోనే కలదు. 1832 ప్రాంతమున మహారాజా చందూలాల్ కోరికపై పంజాబు నుండి రణజిత్ సింహుడు పంపిన సిక్కు సైనికులు హైదరాబాదునకు వచ్చిరి. వారిని లాహోరీ ఫౌజు అనిరి. కేశములు, తలపాగా, కృపాణము వారితోనే వచ్చినవి. శిస్తు వసూళ్లకును, శాంతిరక్షణకును నిజాము కొలువులో వారు పనిచేసిరి. వారి సంతతి దక్కనీ సిక్కులను పేర నేటికిని ఇచట నున్నారు. అమీర్‌పేటలో గురుద్వారము కలదు. నిజాము దర్బారునకు వేషనియమములు లేకపోలేదు. దస్తారు, షేర్వానీ, నడుమునకు బుగ్లూసు లేనిదే ప్రవేశము కలుగకుండెను. హిందువులును ముసల్మానులును ఆ దుస్తులనే ధరించిరి. అది పైన తొడుగుకొనుట. లోపలి దానిని తుడుచుకొనుట కాదు. ఈ రెండింటికిని గల తేడాను ఇంతకు మించి విస్తరించి చెప్పనక్కరలేదు.

స్వతంత్ర భారత రాజ్యాంగములోని 25వ అధికరణము మతస్వేచ్ఛను ఇచ్చినది. కృపాణ ధారణము సిక్కుమతావలంబనములో చేరినదేయని అచటనే వివరణ వ్రాసిరి. 33వ అధికరణము సైనికుల విషయమున ఆ హక్కులను పరిమితము చేయుటకు పార్లమెంటునకు అధికారమిచ్చినది. మతములోని ఆచారములలో ఏవి అత్యావశ్యకములను విచారణ, 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున సుప్రీము కోర్టు తీర్పుతో మన న్యాయశాస్త్రములో స్థిరపడినది. 2016 డిసెంబరు 15వ తేదీన గడ్డము పెంచుకొన్న వైమానిక దళ సైనికుని వ్యాజ్యములో ఆ కోర్టు, కేశఖండనమును మతము స్పష్టముగా నిషేధించుచున్నదా యని అడిగినది. భిన్నాభిప్రాయములు కలవను జవాబు వచ్చినది. దళపు నియమమే నిలిచినది. ఆయుధధారుల దళమునకు ఏకరూపత యవసరమను వాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. ఇచట మాకు ఆశ్చర్యము కలిగించునది తీర్పు కాదు, ప్రశ్న. 1806లో పండితుని, సయ్యదును కూర్చుండబెట్టి అడిగిన ప్రశ్నయే యిది. అడుగువారు మారిరి, సదుద్దేశమును మారినది, ప్రశ్న మాత్రము మారలేదు.

మరియొక త్రోవ లేకపోలేదు. బ్రిటిషు ఎయిర్‌వేస్‌లో పనిచేయు స్త్రీ యొకతె మెడలో చిన్న సిలువ కనబడునట్లు ధరించినందున 2006లో కొలువునకు దూరము కాగా, 2013 జనవరిలో యూరపు మానవహక్కుల న్యాయస్థానము ఆమెకు అనుకూలముగా తీర్పు చెప్పినది. సిలువ ధరింపవలెనని మతము విధించినదని నిరూపింపనక్కరలేదని ఆ తీర్పున స్పష్టము చేసిరి. ఆ తీర్పులోనే, సిలువ గొలుసును తీయనన్న ఆసుపత్రి నర్సు ఓడిపోయినది. రోగి పట్టుకొని లాగవచ్చును, పుండునకు తగులవచ్చును అను కారణము చాలునని చెప్పిరి. ఇందు మతము ఏమి చెప్పినదని కాక, పనికి ఏమి అడ్డము వచ్చినదని అడిగిరి. నర్సు ఓడినను ఆమెకు చెప్పిన కారణము ఆమె పనిలో నుండి వచ్చినది, ఆమె గ్రంథములో నుండి రాలేదు. మాంట్రిసర్ వేసికొన్న ప్రశ్నయు దాదాపు ఇట్టిదే.

మన నగరములో నేడు ఈ సమస్య ఎక్కువగా కనబడునది కార్తీక మార్గశిర మాసములలో. అయ్యప్ప దీక్ష నలువదియొక్క దినములది. నల్లని వస్త్రము, మెడలో మాల, పాదరక్షలు లేని నడక, క్షౌరము లేని ముఖము దాని లక్షణములు. శబరిమల ప్రాచీనమే కాని, తెలుగు నగరములలో ఈ దీక్ష ఇంత విరివిగా వ్యాపించుట ఇటీవలి కొన్ని దశాబ్దుల విషయము. దీనికి ప్రమాణము ఏ స్మృతిలో వెదకవలెను? గురుస్వామి మాట, ఇంటివారి నియమము, తోటి స్వాముల చూపు, ఇవియే దీనికి ప్రమాణములు. అత్యావశ్యకాచారమను కొలబద్దతో దీనిని కొలుచుట సాధ్యము కాదు. బొట్టు వలె దీనిని ప్రొద్దున తుడిచి సాయంకాలము పెట్టుకొనుటయు సాధ్యము కాదు. నలువదియొక్క దినములు ఎడతెగకుండుటయే దీక్ష.

2024 నవంబరులో హైదరాబాదు కంచన్‌బాగు ఠాణాలోని ఒక ఎస్సైకి దీక్షా విషయమున పై అధికారి మెమో ఇచ్చుట, దానిపై రాజకీయ నాయకులు అభ్యంతరము చెప్పుట పత్రికలలో వచ్చినది. దీక్షలో నున్నవారు సెలవు పెట్టుకొనవచ్చును గాని, దుస్తులు, బూట్లు లేకుండ కొలువు చేయరాదని శాఖవారి మాట. ఇతర మతములవారికి ఇట్టి నియమము వర్తించుట లేదేమని అభ్యంతరము చెప్పినవారి మాట. మా దృష్టిలో రెండు మాటలలోను కొంత సత్యమున్నది. నడిరేయి ఠాణా మెట్లెక్కి వచ్చిన స్త్రీకి ముందుగా కనబడవలసినది పోలీసు దుస్తు. ఆమె యే మతమునకు చెందినదైనను ఆ దుస్తును నమ్మియే వచ్చినది. సమానత్వమును గూర్చిన ప్రశ్నకు జవాబు వేరు. ఒక్కొక్క గుర్తును ఒక్కొక్కటిగా తీసికొని, ఇది పనికి అడ్డమగునా, తీసి పెట్టుకొనదగినదా, శరీరముతో నున్నదా యని అడిగినప్పుడే ఆ జవాబు తేలును.

సెలవు అను ఉపాయము 1806లో ఎవరికిని తోచలేదు. అది యోగ్యమైన ఉపాయమే. అయినను అది జీతపు కొలువులో స్థిరముగా నున్నవానికే ఉపయోగపడును. నెలజీతములో సెలవులేని కాపలాదారునకు, దినకూలిపై దుకాణములో నిలుచువానికి నలువదియొక్క దినముల సెలవు అనగా కొలువు పోవుటయే. పంజాగుట్ట కూడలిలోని నగల దుకాణముల ముందర, మార్గశిర మాసపు ప్రొద్దులలో, దుకాణమువారిచ్చిన నీలిచొక్కాయి గుండీలను మెడవరకు బిగించి, దాని క్రింద తులసిమాలను దాచుకొని నిలుచున్న కాపలాదారులను మేము చూచితిమి. ఒకనిని పలుకరింపగా, మేనేజరుకు తెలియును, కాని చూడనట్లుండును అని చెప్పెను. బూట్ల మాట అడిగితిమి. ఇంటి నుండి వట్టికాళ్లతో వచ్చి ఇచట తొడుగుకొందునని, స్వామి క్షమించునని చెప్పి, లోనికి వచ్చుచున్న వారికొరకు తలుపు తెరచెను.